ఏడో ప్రశ్న

రసాయనశాస్త్రం ప్రాక్టికల్ పరీక్ష జరిగే రోజున ఆ కాలేజీలో అందరికంటే పెద్దమనిషి ప్రిన్సిపాల్ కాదు. బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్షాధికారి కూడా కాదు. ఖాకీ చొక్కా తొడుక్కుని, భుజాన తువ్వాలు వేసుకుని, చేతిలో నీళ్ల సీసాతో బల్లల మధ్య తిరిగే ల్యాబ్ అటెండరు. ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు హాజరుపట్టీలో మాత్రమే ఉంది. ఇరవై ఏడేళ్లుగా పిల్లలందరికీ ఆయన ఉప్పు బాబాయే.

ఆ పేరు ఊరికే రాలేదు. పరీక్షలో ఒక్కో విద్యార్థికీ చిటికెడు పొడి ఇస్తారు. దాన్ని నీళ్లలో కరిగించి, మంట మీద వేడిచేసి, రంగు చూసి, వాసన చూసి అది ఏ లవణమో కనిపెట్టాలి. ఇది పుస్తకంలో రాసిన మాట. ఆ ల్యాబులో గ్యాసు గొట్టం పాడై నాలుగేళ్లయింది. అంతకుముందు కూడా అది ఒకరోజు పనిచేస్తే పదిరోజులు పడుకునేది. బర్నర్లు తుప్పుపట్టాయి. ముగ్గురు లెక్చరర్లు ఉండవలసిన చోట ఒక్కరే ఉన్నారు. ఆయనకు పాఠాలు ముగించడమే గగనం. కనుక ఏడాది పొడుగునా పిల్లలు చేసే ప్రయోగం ఒక్కటే, సీనియర్ల రికార్డు పుస్తకం తెచ్చుకుని తమ రికార్డులోకి ఎక్కించుకోవడం. అలాంటి పిల్లల ముందు తెల్లపొడి పెట్టి ఇదేమిటో చెప్పమంటే ఏం చెబుతారు, పాపం?

అందుకని బాబాయ్ చెప్పేవాడు. పొడులు పొట్లాలు కట్టి నంబర్లు వేసేది ఆయనే. ఏ నంబరులో ఏముందో ఆయనకు కంఠతా వచ్చు. సీసా పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చి "నీళ్లు కావాలా నాన్నా?" అని పైకి అడిగేవాడు. కావాలనగానే వంగి, నీళ్లు పోస్తూ, "లెడ్ నైట్రేట్" అని చెవిలో ఊది పక్క బల్లకు వెళ్లిపోయేవాడు. ఆ సమయానికి పరీక్షాధికారికి కిటికీలోంచి బయటి ప్రపంచం ఎంతో అందంగా కనబడేది. ఎవరి దగ్గరా బాబాయ్ ఏమీ పుచ్చుకోలేదు. పిల్లలు గట్టెక్కితే చాలని ఆయన ఆశ. ప్రిన్సిపాల్ గది బయట నల్లబోర్డు మీద ఏటేటా నూరు శాతం అని తెల్లసుద్దతో రాసేవారు. పిల్లలు సంతోషం, తల్లిదండ్రులు సంతోషం, పై అధికారులు మరీ సంతోషం. దొంగతనం అందామంటే ఎవరి సొత్తూ పోయినట్టు కనబడదు. మన చుట్టూ ఉన్న చాలా తప్పులకు ఈ సౌకర్యం ఉంది.

ఆ కాలేజీలో జాతీయ విద్యార్థి సంఘానికి ఒక శాఖ ఉండేది. సభ్యత్వం నాలుగు వందల పైచిలుకు. వెయ్యిమైళ్ల అవతల ఎక్కడ అన్యాయం జరిగినా ఇక్కడ గేటు మూసేవారు, మెట్లెక్కి ఉపన్యాసాలు ఇచ్చేవారు. అది తప్పని ఎవరూ అనరు. దూరపు మనిషి బాధ పట్టించుకునే వయసు అదే, ఆ వయసు దాటితే చాలామందికి పక్కింటి బాధ కూడా వినబడదు. కాని గేటుకు నలభై అడుగుల దూరంలో ఉన్న ల్యాబులో మంట వెలగడం లేదన్న సంగతి మాత్రం వాళ్ల నినాదాల్లో ఎప్పుడూ లేదు. ఉండవలసిన అవసరం వాళ్లకు కనిపించలేదు. అందరూ పాసవుతున్నారు కదా!

ఆ ఏడు శాఖ కార్యదర్శిగా ఎన్నికైన పిల్ల ఉప్పు బాబాయ్ కూతురు. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. పట్టిన పట్టు వదలదు, మాట మాత్రం నెమ్మది. ఆమె కూడా నిరుడు ఆ పరీక్ష రాసింది. కన్నతండ్రి సీసా పట్టుకుని వచ్చి, అందరినీ అడిగినట్టే అడిగి, "అమ్మోనియం క్లోరైడ్" అని చెప్పి వెళ్లాడు. యాభైకి నలభై తొమ్మిది వచ్చాయి. తండ్రీకూతుళ్లు ఆ విషయం ఇంట్లో ఎన్నడూ మాట్లాడుకోలేదు.

ఇలా ఉండగా సంఘం కేంద్ర కమిటీ నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. ఈ సంవత్సరం ఊరేగింపులు లేవు, ధర్నాలు లేవు. దేశంలో ఉన్న ప్రతి శాఖా తన కాలేజీ ల్యాబును తానే తనిఖీ చేయాలి. తొమ్మిది ప్రశ్నలు ఇచ్చారు. ఎన్ని ప్రయోగాలు చేయాలి, ఎన్ని చేశారు, ఏ పరికరం ఎప్పటి నుంచి పనిచేయడం లేదు, ఇలాంటివి. జవాబులు తీసుకుని ప్రతినిధులు రాజధానికి రావాలి. అక్కడ ఒక రిటైర్డు న్యాయమూర్తి అధ్యక్షతన, విద్యాశాఖ డైరెక్టరు సమక్షంలో బహిరంగ విచారణ జరుగుతుంది. అందులో ఏడో ప్రశ్న ఇది: "ప్రయోగాలు చేయని విద్యార్థులు ప్రాక్టికల్ పరీక్ష ఎలా పాసవుతున్నారు? ఉన్నది ఉన్నట్టు రాయండి."

కాలేజీ క్యాంటీనులో శాఖ సమావేశమైంది. ఉపాధ్యక్షుడికి పిల్లలు మైకు అని పేరు పెట్టారు. అతను మెల్లగా మాట్లాడితే మూడు గదులకు వినబడుతుంది.

"ఏంటిది? మన కొంపకి మనమే నిప్పు పెట్టుకుంటామా?" అన్నాడు మైకు. "ఈ ఏడో ప్రశ్నకి నిజం రాస్తే మార్కులు రద్దు చేస్తారు. అప్పుడు పిల్లలు మనల్ని ఊరవతలిదాకా తరుముతారు. సంఘం ఉన్నది పిల్లల్ని కాపాడ్డానికమ్మా, ముంచడానికి కాదు. సక్రమంగా జరుగుతున్నాయి, నిధులు చాలడం లేదు అని రాసి పారేయ్."

"సక్రమంగా జరుగుతుంటే నిధులెందుకన్నయ్యా?" అంది కార్యదర్శి.

అందరూ నవ్వారు. నవ్వినా, చేతులెత్తమనేసరికి చేతులన్నీ మైకు వైపే లేచాయి. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అని ఎవరో గొణిగారు. చివరికి కాగితం నింపే పని మాత్రం ఆమె మీదే పడింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె కాగితం ముందేసుకుని కూర్చుంది. తల్లి బడిపిల్లల యూనిఫారాలకు కాజాలు కుడుతోంది. తండ్రి కళ్లజోడు తుడుచుకుంటూ వచ్చి కూతురి భుజం మీదుగా తొంగిచూశాడు. ఎనిమిది ప్రశ్నలకు జవాబులున్నాయి. ఏడోదాని కింద తెల్లగా ఉంది.

"ఇదెందుకు వదిలేశావమ్మలూ?"

"తర్వాత రాద్దామని."

ఆయన ప్రశ్న చదువుకున్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, చేయి తనకు తెలియకుండానే భుజం మీది తువ్వాలు సర్దింది.

"తొమ్మిదికి ఎనిమిది రాస్తే ఎవడైనా ఫస్ట్ క్లాసే ఇస్తాడు. వదిలేయ్" అన్నాడు నవ్వుతూ.

కూతురు నవ్వలేదు. తల్లి దారం తెంపి, ఇద్దరి వైపూ చూసి, మళ్లీ సూదిలోకి దారం ఎక్కించుకుంది.

మరుసటి ఆదివారం ఉదయం వాళ్లింటికి పొడుగోడు వచ్చాడు. నాలుగేళ్ల కిందట అదే కాలేజీలో చదివి, పట్టణ నీటిసరఫరా విభాగంలో ల్యాబ్ అసిస్టెంటుగా చేరిన కుర్రాడు. ఉద్యోగం వచ్చిన రోజున బాబాయ్ కాళ్లకు దండం పెట్టి వెళ్లినవాడు. వస్తూనే చేతిసంచీలోంచి నీళ్లున్న ఒక సీసా తీసి బల్ల మీద పెట్టాడు.

"బాబాయ్, ఇందులో ఏముందో కాస్త చెప్పవూ?"

బాబాయ్ వేళాకోళం అనుకున్నాడు. "ఏముంటుందిరా? నీళ్లుంటాయి."

"నవ్వకు బాబాయ్. మిల్లు వెనకాల కాలనీలో వారంరోజులుగా వాంతులు, విరేచనాలు. ఇంజనీరుగారు రేప్పొద్దున్నకి రిపోర్టు కావాలన్నాడు."

"అయితే పరీక్ష చెయ్యి. రోజూ చేసేదేగా?"

పొడుగోడు తలవంచుకున్నాడు. "నిన్నటి అంకెలే ఇవాళా రాస్తున్నాను బాబాయ్. నా ముందున్నాయన రాసినవే అవి. మూడేళ్లుగా ఏమీ కాలేదు. మందులున్నాయి, గాజుసామాను ఉంది, ఏది ఎందులో పొయ్యాలో నాకు తెలీదు."

"కాలేజీలో నేర్చుకోలేదుట్రా?"

"ఎప్పుడు నేర్చుకున్నాను? నువ్వే చెప్పేశావుగా అన్నీ!"

అతను నిష్ఠూరంగా అనలేదు. నిజానికి కృతజ్ఞతతోనే అన్నాడు. అందుకే ఆ మాట తిన్నగా వెళ్లి తగిలింది. బాబాయ్ సీసా చేతిలోకి తీసుకున్నాడు. వెలుతురుకు పట్టి చూశాడు. నీళ్లు తేటగా ఉన్నాయి.

"నాకు పేర్లే తెలుసురా" అన్నాడు చివరికి. "పొట్లాలు కట్టినవాణ్ణి కనక తెలుసు. ఈ పొట్లం నేను కట్టలేదు."

లోపలి నుంచి అంతా విన్న కూతురు బయటికొచ్చింది. "అన్నయ్యా, ముందు ఆ కాలనీకి నీళ్లు ఆపించు."

"రిపోర్టు లేకుండా ఎలా ఆపుతారు?"

"పరీక్ష చెయ్యలేదని రాసి ఇవ్వు. అదే రిపోర్టు."

పొడుగోడి ముఖంలో నెత్తురుచుక్క లేదు. అయినా రాశాడు. ఇంజనీరు తిట్టవలసిన తిట్లన్నీ తిట్టి, మధ్యాహ్నానికి నీళ్లు ఆపాడు. కార్యదర్శి మైకును వెంటపెట్టుకుని, ఇరవైమంది సభ్యులను పోగుచేసి కాలనీలో గడపగడపకూ తిరిగింది. కొళాయినీళ్లు ముట్టుకోవద్దని, పట్టుకున్నవి మరగబెట్టమని చెప్పారు. మైకు గొంతుకు ఆ రోజు మొదటిసారిగా అసలైన పని దొరికింది. ఇద్దరు కుర్రాళ్లు సీసా పట్టుకుని బస్సెక్కి పెద్ద ల్యాబుకు వెళ్లారు. మంగళవారానికి జవాబు వచ్చింది. మురుగుకాలవ నీరు తాగునీటి గొట్టంలో కలుస్తోంది. అప్పటికి యాభై ముగ్గురు ఆసుపత్రిలో ఉన్నారు. ఎవరూ పోలేదు. అది ఆ ఊరి అదృష్టం, అంతే, ఎవరి గొప్పా కాదు.

బాబాయ్ ఎవరికీ చెప్పకుండా ఆసుపత్రికి వెళ్లాడు. మంచాలు చాలక వరండాలో చాపలు వేశారు. ఒక తల్లి పక్కకు జరిగి ఆయనకు చోటిచ్చి, "మీవాళ్లెవరున్నారండీ ఇక్కడ?" అని అడిగింది. "ఎవరూ లేరమ్మా" అన్నాడు. అబద్ధం చెప్పినట్టు అనిపించింది. ఎక్కువసేపు కూర్చోలేక లేచి వచ్చేశాడు.

ఇంటికి రాగానే కూతుర్ని పిలిచాడు. "ఏడోది ఇంకా ఖాళీయేనా?"

"రాస్తే నీ ఉద్యోగం పోతుంది నాన్నా."

"ఏడాదిన్నరలో రిటైరైతే ఎలాగూ పోయేదే."

"అలా పోవడం వేరు, ఇలా పోవడం వేరు!" అని తల్లి కుట్టుపని విసిరికొట్టింది. "ఇరవై ఏడేళ్లు పరువుగా బతికి, చివర్లో దొంగ అనిపించుకుంటారా? అడుసు తొక్కనేల, కాలు కడగనేల? ఆ సంఘం ఏమన్నా మనకు కూడు పెడుతుందా? రాయకే. ఖాళీగా ఇచ్చెయ్."

"రాయి" అన్నాడు తండ్రి.

"నా చేత్తో రాయలేను నాన్నా" అంది కూతురు. కళ్లలో నీళ్లు తిరిగాయి. నాలుగు వందల మంది ముందు నిలబడి మాట్లాడే పిల్ల, కాగితం మీద ఒక్క వాక్యం రాయలేకపోయింది. ఆ కాగితం అలాగే రాజధానికి వెళ్లింది. తండ్రి కూడా బయల్దేరాడు. పట్నం చూసి చాలా ఏళ్లయిందని భార్యకు చెప్పాడు.

విచారణ జరిగిన హాలు పెద్దది. వేదిక మీద న్యాయమూర్తి, ఆమె పక్కన విద్యాశాఖ డైరెక్టరు, ఆ పక్కన సంఘం జాతీయ అధ్యక్షుడు కూర్చున్నారు. అధ్యక్షుడు బక్కపలచని కుర్రాడు. ఒక్కో శాఖ ప్రతినిధీ వచ్చి జవాబులు చదివి వెళుతున్నారు. పాత పరికరాలు, రాని నిధులు, కారే కప్పులు, అన్నీ వచ్చాయి. ఏడో ప్రశ్న వచ్చేసరికి మాత్రం అన్ని గొంతులూ ఒకే బడిలో చదువుకున్నట్టు పలికాయి. "అధ్యాపకుల కృషితో." "సిబ్బంది సహకారంతో." "విద్యార్థుల పట్టుదలతో." డైరెక్టరు తల ఊపుతూ రాసుకుంటున్నాడు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగితే, ఆ పాలగిన్నె పట్టుకున్నవాళ్లు కూడా కళ్లు మూసుకున్నట్టుంది.

కార్యదర్శి వంతు వచ్చింది. ఆరు దాకా తడబడకుండా చదివింది. ఆగింది.

"ఏడు?" అన్నారు న్యాయమూర్తి.

"రాయలేదండి. చెబుతాను. నిరుడు పరీక్షలో నాకు అమ్మోనియం క్లోరైడ్ వచ్చింది. దాన్ని నేను కనిపెట్టలేదు. నాకు చెప్పారు. మా కాలేజీలో అందరికీ చెబుతారు. ఆ నలభై తొమ్మిది మార్కులూ నావి కావు, తీసేయండి."

"ఎవరు చెప్పారు?" అని డైరెక్టరు కలం ఎత్తాడు.

ఆమె వెనక్కి తిరిగి చూసింది. వెనక వరసలోంచి ఒక ముసలాయన లేచాడు.

"నేనండీ. ల్యాబ్ అటెండర్ని. ఆ పిల్ల నా కూతురు. దాన్ని అడక్కండి, నేనే చెబుతాను."

"ఇది ఎంత నేరమో తెలుసా?" అన్నాడు డైరెక్టరు.

"మొన్నటిదాకా తెలీదండి. మంచిపనే అనుకున్నాను" అన్నాడు బాబాయ్. ఆయనకు ఉపన్యాసం ఇవ్వడం రాదు. బల్ల తుడుస్తున్నట్టు చేత్తో గాలిలో రాస్తూ మాట్లాడాడు. "ల్యాబులో మంట లేదండి. పిల్లలు ఫెయిలవుతారని జాలేసి పేర్లు చెప్పాను. నేను చెప్పకపోతే ఏమయ్యేది? మొదటి ఏడాదే పిల్లలు ఫెయిలయ్యేవాళ్లు. తల్లిదండ్రులు వచ్చి అరిచేవాళ్లు. ఈ సంఘం గొడవ చేసేది. ఆ గొడవకి గొట్టం బాగయ్యేది, లెక్చరర్లు వచ్చేవాళ్లు. రావలసిన ఆ గొడవని ఇన్నేళ్లూ నేను రానివ్వలేదండి. నా జాలి దానికి అడ్డం పడింది. నా దగ్గర పేరు విని పాసైన కుర్రాడు మా ఊరికి తాగేనీళ్లు చూస్తున్నాడు. యాభై మూడుమంది మంచం పట్టారు. వాడు చెడ్డవాడు కాదు. నేనూ చెడ్డవాణ్ణి కాదనే అనుకుంటున్నాను. కాని మురుగునీళ్లకి ఆ సంగతి తెలీదు కదండీ?"

చెప్పి కూర్చున్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అధ్యక్షుడు న్యాయమూర్తి ముందున్న కాగితాల కట్ట వైపు చూస్తున్నాడు.

కాసేపటికి అంతకుముందు చదివి వెళ్లిన ఒక కుర్రాడు వేదిక దగ్గరికి వచ్చాడు. "మేడమ్, మా కాగితం ఒకసారి ఇస్తారా? ఏడోది తప్పు రాశాం" అన్నాడు. అతని వెనక ఒక అమ్మాయి వచ్చింది. ఆ వెనక ఇంకొకరు వచ్చారు. మధ్యాహ్న విరామం అయ్యేలోగా న్యాయమూర్తి ముందున్న కట్టలో ఒక్క కాగితం కూడా మిగల్లేదు. పిల్లలు హాలు మెట్ల మీద, కిటికీ గట్ల మీద, ఒకరి వీపు మీద ఒకరు కాగితం పెట్టుకుని మళ్లీ రాశారు. ఆ రాసినవన్నీ మర్నాడు పత్రికల్లో వచ్చాయి. వారం తర్వాత శాసనసభలో చర్చ జరిగింది. ఖాళీ పోస్టులన్నీ రెండు నెలల్లో నింపుతామని మంత్రి సభాముఖంగా మాట ఇవ్వవలసి వచ్చింది.

అంతా సుఖాంతం అనుకోకండి. నిజం చెబితే దాని వెల దానికుంటుంది. ఉప్పు బాబాయ్‌ను సస్పెండ్ చేశారు. కార్యదర్శి మార్కులు రద్దయ్యాయి, ఆమెతోపాటు ఆ తరగతి మొత్తానికీ రద్దయ్యాయి. నెలరోజులు కాలేజీలో ఆమెతో మాట్లాడినవాడు లేడు, ఒక్క మైకు తప్ప. సభ్యత్వం నాలుగు వందల నుంచి తొంభైకి పడిపోయింది. ఆ తొంభైమందే వంతులు వేసుకుని రోజూ భవనాల శాఖ ఇంజనీరు ఆఫీసుకూ, ప్రిన్సిపాల్ గదికీ తిరిగి గ్యాసు గొట్టం వేయించారు. మళ్లీ పరీక్ష పెడితే సగానికి సగం ఫెయిలయ్యారు. నల్లబోర్డు మీద ఆ ఏడు రాసిన అంకె నలభై ఎనిమిది. పొడుగోడు మాత్రం సెలవు పెట్టి, పెద్ద ల్యాబులో మూడునెలల శిక్షణకు వెళ్లాడు.

సస్పెన్షన్ కాగితం వచ్చిన రోజున పక్కింటావిడ పరామర్శకు వచ్చింది. ఆమె వచ్చింది పరామర్శకో, పొయ్యిలో నెయ్యి పోయడానికో చెప్పడం కష్టం.

"ఎంత పనైందమ్మా! కన్నకూతురే తండ్రి ఉద్యోగం ఊడగొట్టిందిట కదా! ఆ సంఘాలూ గింఘాలూ ఆడపిల్లకెందుకు చెప్పు?" అంది.

బాబాయ్ అరుగు మీద కూర్చుని అంతా వింటున్నాడు. అందరికంటే ఎక్కువ ఏడ్చింది, అందరికంటే ఎక్కువ వద్దన్నది తన భార్యే. ఇప్పుడు ఆమె ఏమంటుందోనని చెవి ఒగ్గాడు.

ఆమె కాజా కుట్టడం ఆపి, సూది బట్టకు గుచ్చి, తలెత్తింది.

"నేనూ అలాగే అన్నానమ్మా. మీరన్న మాటే అన్నాను. కాని ఆ కాలనీలో మీ చెల్లెలు కూడా ఉంటోంది కదా? ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయి వెళ్లి ఆ ఇంటి తలుపు కొట్టకపోతే, ఇవాళ పరామర్శకు నేను మీ ఇంటికి వచ్చేదాన్ని. ఈయన ఉద్యోగం పోయిందని నాకు బాధ లేదనను, ఉంది. అయినా ఒకటి తెలిసొచ్చింది. సర్కారుని అడగడానికి సంఘం ఉండాల్సిందే. కాని ముందు తన ఇంట్లో తప్పు తను ఒప్పుకున్న సంఘం అడిగితేనే, సర్కారు జవాబు చెబుతుంది."